రాజకీయ అవినీతికి లెక్కల మోడల్ కడితే నిజంగా ఏమైనా తేలుతుందా?

సిరి_స్టాట్స్

అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఫైనల్ ఇయర్. ప్రాజెక్టుకి "రాజకీయ అవినీతి, గణిత నమూనాలు" అనే టాపిక్ పెట్టుకుంటానంటే మా మేడమ్ వెంటనే ఒప్పుకున్నారు. అసలు టెన్షన్ ఇప్పుడు మొదలైంది.

ఎక్కడ చదివినా ముందు కనిపించేది క్లిట్‌గార్డ్ అనే ఆర్థికవేత్త సూత్రం. 1988 నాటిది. అవినీతి = గుత్తాధిపత్యం + విచక్షణాధికారం − జవాబుదారీతనం. చూడ్డానికి బాగానే ఉంది. కానీ దీన్ని సమీకరణం అనొచ్చా? గుత్తాధిపత్యాన్ని దేనితో కొలవాలి? జవాబుదారీతనం ఒక పాయింటు పెరిగితే అవినీతి ఒక పాయింటు తగ్గుతుందని ఎవరు చెప్పారు? ఒక సీనియర్ గేమ్ థియరీ (ఎదుటివాడి ఎత్తుని బట్టి మనం ఎత్తు వేసే లెక్క) వైపు వెళ్లమంటున్నాడు, ఇంకో అక్క నెట్‌వర్క్ ఎనాలిసిస్ (ఎవరికి ఎవరితో సంబంధమో గీతలతో కలిపి చూడటం) చెయ్యమంటోంది. మా నాన్న మాత్రం "లంచం తీసుకునేవాడు నీ సమీకరణం చూసి భయపడతాడా తల్లీ" అని నవ్వుతున్నారు.

అర్థం చేసుకోవడానికే కాకుండా తగ్గించడానికి కూడా మోడల్ పనికొచ్చిన సందర్భాలు ఉన్నాయా? మన దగ్గర దొరికే డేటాతో ఒక విద్యార్థి చెయ్యగలిగింది ఏమైనా ఉందా? ఇండెక్సులు, ర్యాంకులు వద్దండి. ఏ దేశం ఎన్నో స్థానంలో ఉందో చెప్పే పట్టికలు చూసి చూసి విసుగొచ్చింది.

గోదారి_గట్టు

మీ నాన్నగారి మాటే కరెక్టు. మా నియోజకవర్గంలో ఏ పని ఎవరికి వెళ్తుందో టెండర్ పిలవకముందే టీ కొట్టు దగ్గర చెప్పేస్తారు. దానికి మోడల్ ఎందుకు, డిఫరెన్షియల్ ఈక్వేషన్ ఎందుకు? తెలియక కాదు, ఎవరూ ఏమీ చెయ్యక ఇలా ఉంది. కావాలంటే ప్రాజెక్టు చేసుకోండి, మార్కులు వస్తాయి. దానివల్ల ఒక్క రూపాయి కూడా మిగలదు.

పాత_లెడ్జర్

గోదారి గారూ, టీ కొట్టు దగ్గర తెలిసేది ఎవరు తింటున్నారన్నది. ఎక్కడ నొక్కితే తినడం ఆగుతుందో, ఎక్కడ నొక్కితే పక్కకి జరుగుతుందో టీ కొట్టు దగ్గర తెలియదు. మోడల్ అవసరం అక్కడే.

సిరీ, ఆ సూత్రాన్ని సమీకరణంగా పట్టుకోకమ్మా. గుర్తుండటానికి అలా రాశారు, ఆ ప్లస్సులూ మైనస్సూ ఏ డేటాలోంచీ రాలేదు. ఒక ఆఫీసుకి వెళ్లినప్పుడు ఏం చూడాలో చెప్పే చెక్‌లిస్టు అనుకో. ఈ పని చేసిపెట్టేది ఇతనొక్కడేనా? చెయ్యాలా వద్దా అన్నది ఇతని ఇష్టమేనా? అడిగేవాడు ఉన్నాడా? అంతకు మించి దాని నుంచి ఆశించకు.

నేను రోడ్ల పనుల బిల్లులు పాస్ చేసే అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. చదివింది లెక్కలే. సర్వీసంతా చూసిందేమిటంటే, అక్కడ ప్రతివాడూ లెక్క వేసుకునే చేస్తాడు. అంచనా కంటే ఎంత తక్కువకి, అంటే ఎంత లెస్‌కి కోట్ చేస్తే పని దక్కుతుందో, దక్కాక ఆ లెస్‌ని కంకరలో ఎలా రాబట్టుకోవాలో కాంట్రాక్టర్‌కి తెలుసు. ఎం-బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, రోడ్డు మందం ఎంత రాస్తే క్వాలిటీ కంట్రోల్ వాళ్లు ఊరుకుంటారో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్‌కి) తెలుసు. పైకి ఎవరికి ఎంత పర్సంటేజీ అన్నది పని మొదలవకముందే ఖాయం. మనం మోడల్ కట్టడమంటే వాళ్లు మనసులో వేసుకునే లెక్కని కాగితం మీద పెట్టడం, అంతే.

ఊరికే అంకెలు పెట్టి చూద్దాం. దొంగ బిల్లు పాస్ చేస్తే ఒక ఉద్యోగికి వచ్చేది 2 లక్షలు. దొరికి, శిక్ష కూడా పడితే ఉద్యోగం, పెన్షన్, పరువు అన్నీ కలిపి పోయేది 40 లక్షలు. తనిఖీలో దొరికే అవకాశం 20 శాతం. దొరికినవాళ్లలో చివరిదాకా వెళ్లి శిక్ష పడేది 10 శాతం. రెండూ గుణిస్తే 2 శాతం. 40 లక్షల్లో 2 శాతం 80 వేలు. 2 లక్షల కోసం 80 వేల రిస్కు అంటే నిక్షేపంగా తీసుకుంటాడు. ఇప్పుడు ప్రభుత్వం గొప్పగా తనిఖీలు రెట్టింపు చేసింది. రిస్కు 1 లక్షా 60 వేలకి పెరిగింది. అయినా తీసుకుంటాడు. తనిఖీలు 20 దగ్గరే ఉంచి, శిక్ష పడే శాతాన్ని 10 నుంచి 30కి తెచ్చామనుకో. 6 శాతం, అంటే 2 లక్షల 40 వేలు. ఇక ముట్టుకోడు.

లబ్ధం కదా, తనిఖీల్ని మూడు రెట్లు చేసినా అదే 6 వస్తుంది కదా అంటావు. వస్తుంది. కానీ శిక్ష పడేది 3 శాతమే అయితే తనిఖీల్ని నూటికి నూరు చేసినా రిస్కు 1 లక్షా 20 వేల దగ్గరే ఆగిపోతుంది. ఒక అంకె సున్నా దగ్గర ఉన్నప్పుడు రెండోదాని మీద ఎంత డబ్బు పోసినా వృథా. మన దగ్గర ఏ అంకె సున్నాకి దగ్గరగా ఉందో సస్పెండై, కొన్నాళ్లకి మళ్లీ మంచి సీట్లో చేరినవాళ్లని చూసిన ఎవరైనా చెబుతారు.

ఇక తగ్గించిన సందర్భాలు అడిగావు. నాకు బాగా నచ్చింది ఇండోనేషియాది. బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త జావాలో 608 గ్రామాల్లో చేశాడు. అన్నిచోట్లా ఊరి రోడ్డు పనులే. అంతకుముందు ఆడిట్ పడే అవకాశం సుమారు 4 శాతం. కొన్ని ఊళ్లని లాటరీ పద్ధతిలో ఎంచుకుని, మీకు ఆడిట్ ఖాయం అని ముందే చెప్పారు. రోడ్లు పూర్తయ్యాక ఇంజనీర్లు వెళ్లి రోడ్డుని తవ్వి, లోపల నిజంగా ఎంత కంకర, ఎంత ఇసుక ఉందో కొలిచారు. బిల్లులో రాసినదానికీ రోడ్డులో ఉన్నదానికీ తేడానే మాయమైన డబ్బు. ఇది చదివినప్పుడు నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. అవినీతి గురించి మీ అభిప్రాయమేమిటి అని ఎవరినీ అడగలేదు, గడ్డపార పట్టుకెళ్లి కొలిచారు! ఆడిట్ ఖాయమన్న ఊళ్లలో మాయమైన ఖర్చు 8 శాతం పాయింట్లు తగ్గింది. 2007లో అచ్చయిన పేపర్ అది.

అందులోనే నువ్వు జాగ్రత్తగా చదవాల్సిన ముక్క ఇంకోటుంది. ఆడిట్ వస్తుందని తెలిసిన ఊళ్లలో పనిలో పెట్టుకునే బంధువుల సంఖ్య పెరిగింది. డబ్బు నేరుగా తీసుకుంటే ఆడిట్‌లో పడుతుంది, బావమరిదిని పనిలో పెట్టుకుంటే పడదు. మరికొన్ని ఊళ్లలో ఆడిట్ బదులు జనాన్ని ఎక్కువగా గ్రామసభకి పిలిచి ప్రశ్నించనిచ్చారు. కూలి డబ్బుల్లో దోపిడీ తగ్గింది. మెటీరియల్‌లో దాదాపు తగ్గలేదు. మొత్తం మీద చూస్తే పెద్ద తేడా రాలేదు.

ఇదే మన దగ్గరా జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీకి 2006లో సోషల్ ఆడిట్లు మొదలయ్యాయి. దేశంలో అంత పద్ధతిగా చేసిన రాష్ట్రం అప్పట్లో ఇంకోటి లేదు. ఊళ్లోనే చదువుకున్న కుర్రాళ్లకి ట్రైనింగ్ ఇచ్చి, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ పంపించి, చివర్లో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివి వినిపించేవారు. ఫర్జానా అఫ్రీదీ, వేగార్డ్ ఇవర్సన్ అనే ఇద్దరు 8 జిల్లాల్లో 300 గ్రామ పంచాయతీల ఆడిట్ రిపోర్టులు, 2006 నుంచి 2010 దాకా, ఒక్కో రౌండూ పోల్చి చూశారు. కూలీల వైపు అవకతవకలు కొంత తగ్గాయి. మెటీరియల్ వైపు పెరిగాయి. మొత్తంలో తగ్గుదల కనిపించలేదు.

ఎందుకో నాకు ఆశ్చర్యం లేదు. కూలీకి నోరుంది. "నేను పని చెయ్యని రోజులకి నా పేరు మీద డబ్బులు ఎలా పడ్డాయి" అని ప్రజావేదికలో లేచి అడుగుతాడు. కంకర అడగదు. చెరువులో ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి తీశారో ఒక వాన పడ్డాక దేవుడు కూడా చెప్పలేడు. జనం ఎక్కడ చూడగలరో అక్కడి నుంచి చూడలేని చోటికి దొంగతనం మారింది. పైగా బయటపడిన కేసుల్లో రికవరీలు, శిక్షలు అంత వేగంగా నడవలేదు. ఇందాకటి గుణకారంలో మొదటి అంకె బాగా పెరిగింది, రెండోది కదల్లేదు.

అందుకని నీకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. ఒక్క సమీకరణంతో మోడల్ కట్టకు. ప్రభుత్వం ఒక ఎత్తు వేస్తే, దానికి అవతలివాడు వేసే ఎత్తు కూడా నీ మోడల్‌లో ఉండాలి. అవతలివాడి ఎత్తు లేకుండా లెక్కవేసి "తనిఖీలు పెంచితే అవినీతి ఇంత తగ్గుతుంది" అని గ్రాఫ్ గీస్తే అది సెమినార్‌లో చప్పట్లకి సరిపోతుంది, రోడ్డుకి సరిపోదు.

నల్లకోటు

లెడ్జర్ గారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి ఒక ముక్క. నేను జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను.

2011లో కౌశిక్ బసు కేంద్ర ఆర్థిక శాఖకి ముఖ్య సలహాదారుగా ఉండగా ఒక పేపర్ రాశారు. మనకి హక్కుగా రావలసినదాని కోసం, అంటే పాస్‌బుక్కో సర్టిఫికెట్టో కోసం ఇచ్చే లంచంలో ఇచ్చినవాణ్ణి నేరస్తుడిగా చూడొద్దన్నారు. తీసుకున్నవాడికి శిక్ష రెట్టింపు చెయ్యాలి, ఇచ్చినవాడి డబ్బు తిరిగి ఇప్పించాలి. దీని వెనక ఉన్నది పూర్తిగా గేమ్ థియరీ. లంచం చేతులు మారేదాకా ఇద్దరూ ప్రత్యర్థులు. మారిన మరుక్షణం ఇద్దరూ నేరస్తులే కాబట్టి దాచడంలో ఒక్కటైపోతారు. ఇచ్చినవాడికి శిక్ష లేదంటే పని అయిపోయాక వెళ్లి చెప్పేస్తాడు. చెప్పేస్తాడని తెలిసి తీసుకునేవాడు అసలు అడగడానికే జంకుతాడు. అప్పట్లో దీని మీద పెద్ద దుమారం రేగింది. లంచాన్ని చట్టబద్ధం చేస్తారా అని ఆర్థికవేత్త జాఁ ద్రెజ్ లాంటివాళ్లు విమర్శించారు.

మన వాళ్లకి ఆసక్తి కలిగించే సంగతి ఏమిటంటే, ఈ ఆలోచనని తర్వాత మన హైదరాబాద్‌లోనే విద్యార్థులతో ప్రయోగంలా ఆడించి చూశారు. అబ్బింక్, దాస్‌గుప్తా, గంగాధరన్, జైన్ అనే నలుగురి పేపర్, 2014లో వచ్చింది. ఇచ్చినవాడికి మినహాయింపు ఇస్తే లంచం అడగడం బాగానే తగ్గింది. కానీ ఫిర్యాదు చేసినవాడి మీద ఆఫీసర్ కక్ష తీర్చుకునే వీలు ఆటలో పెట్టేసరికి ఆ ప్రభావం చాలావరకు సన్నగిల్లింది. మా క్లయింట్లు రోజూ చెప్పేది ఇదే. "ఈసారికి పట్టిస్తాను సార్, రేపు మా నాన్న పొలం మ్యుటేషన్‌కి మళ్లీ ఆ ఆఫీసుకే కదా వెళ్లాలి?"

చట్టం మాత్రం దాదాపు ఎదురు దిక్కులో వెళ్లింది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచం ఇవ్వడమే నేరుగా నేరమైంది, ఏడేళ్ల దాకా శిక్ష. బలవంతం మీద ఇచ్చినవాడు 7 రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెబితే మినహాయింపు ఉంది. ఇవ్వకముందే ఏసీబీకి చెప్పి, పౌడర్ పూసిన నోట్లతో ట్రాప్‌కి వెళ్లినా మినహాయింపు ఉంది. నన్నడిగితే ఆ 7 రోజులే అసలు తిరకాసు. పాస్‌బుక్ చేతికొచ్చేదాకా ఎవడూ నోరు మెదపడు, అది వచ్చేసరికి గడువు దాటి ఎన్నాళ్లో అవుతుంది. బసు గారి లెక్కంతా "పని అయిపోయాక చెబుతాడు" అన్న దాని మీదే నిలబడింది. గడువు ఎన్ని రోజులు ఉండాలన్నది కూడా మోడల్‌లో ఒక వేరియబుల్‌గా పెట్టొచ్చు సిరి గారూ, ఎవరైనా చేస్తే చదవాలని ఉంది.

పాత_లెడ్జర్

బాగా చెప్పారు. ఒక్కటి కలుపుతాను. బసు గారి ఆట రాజకీయ అవినీతికి పనికిరాదు. పాస్‌బుక్ దగ్గర నష్టపోయినవాడు ఉన్నాడు, కడుపు మండి చెబుతాడు. కాంట్రాక్టరూ ఎమ్మెల్యే కలిసి రోడ్డు తింటే ఇద్దరికీ లాభమే, ఫిర్యాదుదారుడే ఉండడు. నష్టపోయేది గుంతలో పడేవాడు, అతనికి తాను నష్టపోయానని కూడా తెలియదు. సిరి టాపిక్‌లో "రాజకీయ" అన్న మాట ఉంది కాబట్టి రెండూ కలపకుండా ఉంటే మంచిది.

సిరి_స్టాట్స్

సార్, నాకు ఇంత రాస్తారనుకోలేదు, థాంక్యూ. మీరన్నట్టు రాజకీయమే తీసుకుంటాను. కానీ ఫిర్యాదుదారుడు లేకపోతే డేటా ఎక్కడి నుంచి వస్తుంది? కేసులు పడినవే చూస్తే, అవి దొరికినవాళ్ల లెక్క అవుతుంది గానీ చేసినవాళ్ల లెక్క అవదు కదా?

అల్జీబ్రా_మాస్టారు

డేటా సంగతి లెడ్జర్ గారు చెబుతారు. నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను, డేటా అక్కర్లేని మోడల్ ఒకటి ఇస్తాను. అరపేజీలో అయిపోతుంది.

ఒక ఆఫీసులో లంచం తీసుకునేవాళ్ల వాటా ఎంతో దాన్ని వ అనుకుందాం, 0 నుంచి 1 దాకా. లంచం వల్ల లాభం 10. నిజాయితీపరులు ఎక్కువ ఉంటే దొరికిపోయే భయం ఎక్కువ, కాబట్టి దొరికితే వచ్చే నష్టం 16 × (1 − వ). అందరూ నిజాయితీపరులైతే నష్టం 16, లాభం 10, కొత్తగా చేరినవాడు తీసుకోడు. అందరూ తీసుకునేవాళ్లే అయితే నష్టం సున్నా, కొత్తవాడూ తీసుకుంటాడు. రెండూ సమానమయ్యేది వ = 0.375 దగ్గర. ఇది గట్టు లాంటిది. గట్టుకి ఇవతల ఉన్న ఆఫీసు దానంతటదే శుభ్రపడుతుంది, అవతల ఉన్నది దానంతటదే పాడవుతుంది. ఆండ్విగ్, మోయెనె అనే నార్వే ఆర్థికవేత్తలు 1990లోనే ఇలాంటి మోడల్ రాశారు. ఒకే రకమైన చట్టం, ఒకే జీతాలు ఉన్న రెండు చోట్ల అవినీతి రెండు రకాలుగా ఎందుకుంటుందో దీంతో తెలుస్తుంది.

గోదారి గారు ఎవరూ ఏమీ చెయ్యరన్నారు. చేస్తారండీ, సగమే చేస్తారు. 90 శాతం ఉన్నదాన్ని ఒక గట్టి ఆఫీసర్ వచ్చి 50కి దించుతాడు. పేపర్లలో ఫొటోలు వస్తాయి. అతను ట్రాన్స్‌ఫర్ అయ్యాక మళ్లీ 90. మోడల్ ప్రకారం అది 35కి దించి ఉంటే అతను వెళ్లిపోయినా అదే దిగుతూ పోయేది. 100 ఆఫీసుల్లో తలా కాస్త తగ్గించడం కంటే కొన్నింటిని ఎంచుకుని గట్టు దాటించడం మేలు అని దీని నుంచి వచ్చే మాట. లెడ్జర్ గారి రెండో ఎత్తు ఇందులో లేదని ఒప్పుకుంటాను.

గోదారి_గట్టు

నా పేరులో ఉన్న గట్టుని కూడా వాడేశారు మాస్టారూ. సరే, ఆఫీసుల్లో గుమస్తాల సంగతి అర్థమైంది. ఎమ్మెల్యేని ఏ సమీకరణంలో పెడతారు?

పాత_లెడ్జర్

పెట్టారు. సిరి అడిగిన డేటా ప్రశ్నకీ ఇదే జవాబు.

ఫిర్యాదులు, కేసులు పక్కన పెట్టు. రెండు పబ్లిక్ రికార్డుల్ని ఒకదానితో ఒకటి పోలిస్తే కొన్నిసార్లు నేరం దానంతటదే కనిపిస్తుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్ల కాంట్రాక్టుల వివరాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. లేన్, షపీరో, వాండెన్ ఐండె అనే ముగ్గురు ఆ కాంట్రాక్టర్ల ఇంటిపేర్లు తీసుకుని గెలిచిన ఎమ్మెల్యే ఇంటిపేరుతో పోల్చారు. అయితే అంతటితో ఏమీ రుజువు కాదు, ఒక ప్రాంతంలో ఒకే ఇంటిపేరు వాళ్లు ఎక్కువ ఉండొచ్చు. అందుకని అతి తక్కువ మెజారిటీతో తేలిన ఎన్నికల్ని పట్టుకున్నారు. కొద్ది ఓట్ల తేడాతో ఎవరు గెలుస్తారన్నది దాదాపు బొమ్మాబొరుసే. గెలిచినవాడి ఇంటిపేరున్న కాంట్రాక్టర్ల వాటా 4 శాతం నుంచి 7 శాతానికి పెరిగినట్టు తేలింది. 2018లో అచ్చయింది. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, ఇలా దక్కిన రోడ్లలో కాగితం మీద పూర్తయి, 2011 జనాభా లెక్కల్లో మాత్రం ఆ ఊరికి రోడ్డు లేదని నమోదైనవి ఎక్కువ. చట్ట ప్రకారం ఈ టెండర్లలో ఎమ్మెల్యేకి ఏ పాత్రా లేదు, అది గుర్తుపెట్టుకో.

ఈ పద్ధతిని మన రెండు రాష్ట్రాల్లో వాడాలంటే నాకు ఒక అనుమానం ఉంది. మన దగ్గర ఇంటిపేర్లు వేలల్లో ఉంటాయి. అసలు మనిషికి బావమరిదో, వియ్యంకుడో, అల్లుడో కాగితం మీద కాంట్రాక్టర్‌గా ఉంటాడు, వాళ్ల ఇంటిపేర్లు వేరు. డ్రైవర్ పేరు మీద ఫర్మ్ ఉన్న సందర్భాలు నేనే బిల్లుల్లో చూశాను. కాబట్టి ఇంటిపేరు కలవకపోయినంత మాత్రాన చేతులు శుభ్రంగా ఉన్నట్టు కాదు. నీ కొలత అసలు కంటే తక్కువ చూపిస్తుందని ముందే రాసుకోవాలి. మరోవైపు "రెడ్డి", "రావు" లాంటివి పేరు చివరన కలిశాయని బంధుత్వం అంటగడితే అది తప్పు లెక్క, గొడవ కూడా.

ఇంకో దారి అఫిడవిట్లు. సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత 2003 నుంచి అభ్యర్థులంతా ఆస్తులు ప్రకటించాలి కదా. ఫిస్మన్, షుల్జ్, విగ్ అనేవాళ్లు రెండు ఎన్నికల్లోనూ పోటీ చేసినవాళ్లని తీసుకుని, గెలిచినవాడి ఆస్తి పెరుగుదలనీ రెండో స్థానంలో వచ్చినవాడి పెరుగుదలనీ పోల్చారు. గెలిచినవాళ్లది ఏడాదికి 3 నుంచి 5 శాతం పాయింట్లు ఎక్కువ. మంత్రులైతే తేడా ఇంకా పెద్దది. చూపించుకున్న ఆస్తిలోనే ఇంత తేడా ఉంటే చూపించనిది వేరే చెప్పక్కర్లేదు. కానీ అది అఫిడవిట్‌లో ఉండదు, నీ ప్రాజెక్టులోనూ ఉండకూడదు.

నెట్‌వర్క్‌లు చెయ్యమన్న అక్కకి ఒక మాట చెప్పు. బ్రెజిల్‌లో 27 ఏళ్లలో బయటపడ్డ 65 కుంభకోణాల్లోని 404 మందిని గీతలతో కలిపి చూసిన పని ఉంది. ఒక్కో కుంభకోణంలో ఉండేది చిన్న గుంపే, సాధారణంగా ఎనిమిది మందికి మించరు. కానీ ఒకే మనిషి రెండు మూడింటిలో ఉండి గుంపుల్ని కలుపుతాడు. అతన్ని తీసేస్తే నెట్‌వర్క్ ముక్కలవుతుంది. బాగుంది, కానీ నువ్వన్నట్టు అది దొరికినవాళ్ల నెట్‌వర్కే. మన దగ్గర 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎలక్టోరల్ బాండ్లని కొట్టేశాక మార్చిలో ఎవరు ఎవరికి ఇచ్చారో నంబర్లతో సహా బయటకొచ్చింది. దాతలు ఒక వైపు, పార్టీలు ఒక వైపు పెట్టి గీయడానికి మంచి డేటా. అయితే అప్పటికి అవి చట్టబద్ధమైన విరాళాలే. గీత ఉన్నంత మాత్రాన లంచం అనకు, మీ మేడమ్ వైవాలో మొదటి ప్రశ్నే అది అడుగుతారు.

సిరి_స్టాట్స్

సార్, సోషల్ ఆడిట్ రిపోర్టులతో చేస్తే ఎలా ఉంటుంది? మీరన్న "పక్కకి జరగడం" దాన్నే కొలవాలని ఉంది. కూలీ వైపు అవకతవకలు, మెటీరియల్ వైపు అవకతవకలు విడదీసి, ఒక రౌండ్ ఆడిట్ తర్వాత తర్వాతి రౌండ్‌లో వాటా మారిందా అని చూస్తాను. సరిపోతుందా?

పాత_లెడ్జర్

అదే తీసుకో. మొత్తం అవినీతి ఎంత అని కొలవబోకు, వాటా ఎటు మారిందో చూడు. మొత్తం కొలవడం పెద్దవాళ్లకే చేతకాలేదు.

ఒక గొయ్యి మాత్రం ఉంది, ముందే చూసుకో. రిపోర్టులో కనిపించేది జరిగిన అవకతవక కాదు. జరిగినదాన్ని ఆడిట్ చేసినవాళ్ల చూపుతో గుణిస్తే వచ్చేది. మొదటి రౌండ్‌లో ఆ కుర్రాళ్లకి ఎం-బుక్ చదవడం రాదు, మస్టర్లే చూస్తారు. మూడో రౌండ్‌కి ఎస్టిమేట్లు, కొలతలు, లీడ్ ఛార్జీలు (మెటీరియల్ మోసుకొచ్చే ఖర్చు) అన్నీ వస్తాయి. మెటీరియల్ కేసులు పెరిగాయంటే దొంగలు అటు మారారా, ఆడిటర్లకి చూపు వచ్చిందా? ఈ రెండూ విడదీయకపోతే నీ ఫలితానికి అర్థం లేదు.

విడదీయడానికి దారి ఉంది. ఆడిట్ టీములు ఒక మండలం అయ్యాక ఇంకో మండలానికి వెళ్తాయి. అనుభవం ఉన్న టీము, అంతకుముందు ఆడిటే పడని పంచాయతీకి మొదటిసారి వెళ్లినప్పుడు మెటీరియల్ వాటా ఎంత వచ్చిందో చూడు. అదే అనుభవం ఉన్న టీము, అప్పటికే రెండు ఆడిట్లు పడిన పంచాయతీకి వెళ్లినప్పుడు ఎంత వచ్చిందో చూడు. చూపు ఒకటే కాబట్టి తేడా వస్తే అది అవతలివాడి ఎత్తే. రిపోర్టుల్లో టీము పేర్లు ఉన్నాయో లేదో ముందు అది వెతుక్కో. లేకపోతే ఆర్టీఐ పెట్టు, 30 రోజులు పడుతుంది, కాబట్టి ఈ వారమే పెట్టు.